ఆ కొమ్మ గాలికి విరగలేదు

ఈ మాట నాలో ఏళ్ల తరబడి ఉంది. పెళ్లిళ్లలో నవ్వుతూ తిరుగుతున్నప్పుడూ ఉంది, కాలేజీలో పాఠం చెబుతున్నప్పుడూ ఉంది. మధ్యలో కొన్నాళ్లు మరిచిపోయాననుకుంటాను. అంతలో ఎవరో చుట్టాలు మా హాల్లో గోడమీది ఫోటో ముందు నిలబడి, ఎంత బాగుందో అంటారు. మళ్లీ మొదలవుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ వేరే మాటేదో బయటికి వచ్చింది. అందుకని మీకు చెబుతున్నాను.

నేనొక పిట్టగూడు పాడుచేశాను.

ఇంతేనా అనుకుంటున్నారేమో. గాలికి, పాములకు, కాకులకు ప్రతి ఏడూ ఎన్ని గూళ్లు పోవడం లేదు? నేనూ చాలాకాలం నాకు అలాగే చెప్పుకున్నాను. కానీ గాలి అబద్ధమాడదు. నేను ఆడాను. నేను చేసిన పని మరొక మనిషి తన తప్పనుకుని నెత్తిన పెట్టుకుంటుంటే, పక్కనే నిలబడి చూశాను. ఆ మనిషి నా ఆడబిడ్డ వనజ.

మాది మహారాష్ట్రలో దెగ్లూర్ దిక్కు పల్లె. పెళ్లయి నాందేడ్ వచ్చాను. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. వనజ ఉమ్రిలో హైస్కూల్లో సైన్స్ టీచర్. పెళ్లి చేసుకోలేదు, చేసుకోమని ఇంట్లో ఎవరూ పోరు పెట్టలేదు కూడా. నేను కాపురానికి వచ్చిన మొదటి చలికాలం, ఈ ఊళ్లో ఎవరూ తెలియక గదిలో ముడుచుకుని ఉంటే, చెయ్యి పట్టుకుని గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లి పిట్టలను చూపించింది వనజే. "పుస్తకంల సదివినవ్ గదా వదినా, ఇగ కండ్లతోని సూడు" అంది. నాకు ఈ ఊరు నచ్చడం ఆ రోజు మొదలైంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను అన్యాయం చేసింది శత్రువుకు కాదని మీకు తెలియాలి.

వనజకు ప్రాణమైన పిట్ట ఒకటుంది. తోక పిగిలిపిట్ట అంటారు. మరాఠీవాళ్లు స్వర్గీయ నర్తక్ అంటారు. ఒళ్లు పిచ్చుక కంటే కాస్త పెద్దదే. కానీ ఈడు వచ్చిన మగదానికి తోకలో రెండు ఈకలు రిబ్బన్లలాగా జానెడు, అంతకంటే పొడవు సాగి ఉంటాయి. తల నల్లగా నిగనిగలాడుతుంది, నెత్తిమీద చిన్న కుచ్చు. వయసులో ఉన్నప్పుడు ఇటుక రంగులో ఉండి, కొన్నేళ్లకు చాలా మగవి పాలలా తెల్లబడతాయి. కొన్ని ఎర్రగానే ఉండిపోతాయి. ఆడది ఎప్పుడూ ఇటుక రంగే, దానికి పొడవు తోక ఉండదు.

ఇందులో ఉపజాతులున్నాయి. ఒకటి హిమాలయాల దగ్గర గూడు పెట్టుకుని, చలికాలానికి ఇటు దక్షిణానికి దిగి వస్తుంది. ఇంకొకటి మన అడవుల్లోనే తొలకరికి కాస్త అటూ ఇటూగా గూడు పెడుతుంది. రెండింటికీ ఉన్న తేడా చెప్పుకోదగ్గది కాదు. పొట్టమీద తెలుపు, వీపుమీద ఎరుపు కొంచెం ముదురూ లేతా, అంతే. చెట్టుమీద ఒక్క క్షణం ఆగి ఎగిరిపోయే పిట్టలో అది పట్టుకోవడం కష్టం. వనజకు కావలసింది సరిగ్గా అదే.

"ఉమ్రీల మా బడి యాపచెట్ల మీదికి చలికాలం వచ్చేటియి, ఇస్లాపూర్ల వానకాలం గూడు పెట్టేటియి ఒక్కటేనా వదినా? పోతే ఏడికి పోతయి? ఏది మనది, ఏది సుట్టం?" అని అడిగేది. అదే అంశం మీద పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకోవాలని అన్నీ సిద్ధం చేసుకుంటోంది.

ఇస్లాపూర్‌లో మా అత్తగారి తమ్ముడు రాజన్న మామకు పొలం ఉంది. పొలం అంచున వాగు. వాగు ఒడ్డున కానుగలు, నేరేళ్లు, ముళ్లపొదలు కలిసిపోయి చిన్న అడవిలా ఉండేది. ఆ చీకటి నీడలో, నీళ్లమీదికి వంగిన ఒక కానుగ కొమ్మ చివర, ప్రతి ఏడూ ఒక జంట గూడు పెట్టేది. సాలెగూడు దారాలతో గడ్డిపోచలు చుట్టి కట్టిన చిన్న గిన్నెలాంటి గూడు. మగది ఒక ఏడు ఎర్రగా ఉందట. తర్వాతి ఏడు మచ్చలు మచ్చలుగా తెల్లబడిందట. నేను చూసేనాటికి పూర్తిగా తెల్లనిది. అది ఒకే పిట్ట అని వనజ నమ్మకం. ఒకే పిట్ట ఒకే కొమ్మకు తిరిగి వస్తోందంటే, అది చలికాలంలో ఎక్కడికి పోయినా, ఇల్లు మాత్రం ఇక్కడేనని అర్థం కదా.

రాజన్న మామ ఆ పొదలు కొట్టేసి చేను పెంచుకుందామనుకున్నవాడే. వనజ కోసం ఆగాడు. "నువ్ వచ్చినన్ని రోజులు దాన్ని ఎవ్వన్ని ముట్టనియ్య బిడ్డా. నీ పిట్టల జాగ అది" అన్నాడు.

సెలవు దొరికితే చాలు, వనజ ఉమ్రిలో రైలుబండి ఎక్కి, ముద్‌ఖేడ్‌లో మారి, ఇస్లాపూర్‌లో దిగేది. గూటికి కాస్త దూరంలో పాత ఆకుపచ్చ చీర ఒకటి తెరలాగా కట్టుకుని దాని వెనక కూర్చునేది. దగ్గరికి పోయేది కాదు. గట్టిగా దగ్గేది కూడా కాదు.

ఇక నా సంగతి.

అప్పుడే నేను కొత్త కెమెరా కొన్నాను, పొడవాటి లెన్సుతో. నాందేడ్‌లో పిట్టల ఫోటోలు తీసేవాళ్లం కొందరం ఉండేవాళ్లం. ఆదివారాలు విష్ణుపురి డ్యాం దిక్కు వెళ్లేవాళ్లం. అందరిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నా ఫోటోలు చూసి, "మేడం, ఛాన్ ఆహే" అని, అంటే బాగుందని, మర్యాదకు ఒక మాట అని, పక్కవాళ్ల ఫోటోల గురించి గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ఇది సాకు కాదు. సాకులాగా వినిపిస్తోందా? వినిపిస్తే వినిపించనివ్వండి. నాకు ఒక ఫోటో కావాలి, దాన్ని చూసి వాళ్ల నోళ్లు మూతపడాలి. ఇంతే నా కోరిక.

గూటిమీద కూర్చున్న తెల్లటి మగపిట్ట, గూటి అంచు దాటి కిందికి వేలాడే ఆ రెండు ఈకలు. వనజ వర్ణించి చెబుతుంటేనే నా కళ్లకు ఫోటో కనబడింది. నన్ను కూడా తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోయింది. చీర వెనక కూర్చోబెట్టింది. కానీ గూటికీ నాకూ మధ్య ఒక రెమ్మ అడ్డం. గుబురుగా ఆకులున్న కానుగ రెమ్మ. ఎటు జరిగినా పిట్ట తలో, తోకో మాత్రమే కనబడుతోంది.

నా చూపు ఎక్కడుందో వనజ గమనించింది. మెల్లగా అంది: "ఫోటో తీసుకో వదినా, గని ఒక్క ఆకు గూడ ముట్టకు. ఎండ పడకుంట, కాకి కండ్ల పడకుంట, మస్తు దేవులాడి ఆ జాగ పట్టుకుంది అది."

ముట్టనన్నాను.

బడులు తెరిచారు. వనజకు సెలవు దొరకదు. మా కాలేజీ ఇంకా మొదలుకాలేదు. ఒక పనిదినం పొద్దున నేనొక్కదాన్నే ఆదిలాబాద్ పోయే బండెక్కాను. ఇంట్లో మామ వాళ్లను చూసొస్తానని చెప్పాను. బ్యాగులో కెమెరాతో పాటు కత్తెర పెట్టుకున్నాను. చూశారా, అక్కడికి పోయాక పుట్టిన బుద్ధి కాదు అది. ఇంటి దగ్గరే, వంటింటి సొరుగు తెరిచి, కత్తెర తీసి, గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. ఆ సొరుగు దగ్గర నేను ఆగి ఉండవచ్చు. బండిలో కిటికీలోంచి బయటికి విసిరేసి ఉండవచ్చు. వాగు దగ్గర కూడా ఆగి ఉండవచ్చు. ఒక తప్పు చేయడానికి ముందు మనిషికి ఎన్ని తలుపులు తెరిచి ఉంటాయో, ఒక్కో తలుపూ ఎంత సులువుగా దాటిపోతామో, తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం.

గూట్లో పిల్లలున్నాయి. ఇంకా ఈకలు రాని పిల్లలు, కళ్లు తెరవనివి. నేను దగ్గరికి పోగానే తల్లీ తండ్రీ గట్టిగా అరుస్తూ నా తలమీదుగా తిరిగాయి. రెమ్మ కత్తిరించాను. ఒక్కటే అనుకున్నాను. అది పోయాక వెనక ఇంకొకటి అడ్డమొచ్చింది. దాన్నీ కత్తిరించాను. రెండింటినీ వాగులో వేశాను. తిరిగొచ్చి చీర వెనక కూర్చున్నాను.

వెలుతురు గూటిమీద సూటిగా పడింది. ఎంత చక్కటి వెలుతురో!

కాసేపటికి పిట్టలు తిరిగివచ్చాయి. ఎండ పెరుగుతోంది. ఆ రోజు మబ్బు లేదు. పిల్లలు నోళ్లు తెరిచి రొప్పడం లెన్సులో నాకు స్పష్టంగా కనబడింది. అప్పుడు మగది గూటి అంచుమీద నిలబడి, రెండు రెక్కలూ విప్పి, వాటి మీద గొడుగులా పట్టింది. తెల్లటి రెక్కల్లోంచి వెలుగు జల్లెడ పట్టినట్టు దిగుతోంది. తోక ఈకలు గాలికి సన్నగా ఊగుతున్నాయి. అది కూడా నోరు తెరిచి రొప్పుతోంది.

మీకు అన్నిటికంటే సిగ్గైన మాట చెబుతాను. ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది.  అది ఎందుకలా నిలబడిందో నాకు తెలుసు. వాటి నీడను తీసేసింది నేనే. జీవశాస్త్రం చెప్పేదాన్ని, తెలియదనడానికి లేదు. తెలిసీ మీట నొక్కుతూనే ఉన్నాను.

వచ్చేముందు ఇంకొక పని చేశాను. కత్తెరతో కోసిన చోట నున్నగా తెల్లగా కనబడుతోంది. వనజ చూస్తే పట్టేస్తుంది. అందుకని ఆ మొదళ్లను గోళ్లతో చీల్చి, మెలితిప్పి, విరిగినట్టుగా చేశాను. అప్పటికి పిల్లలకు ఏమీ కాలేదు. అప్పటికి ఏ నష్టమూ జరగలేదు. అయినా నా అబద్ధం సిద్ధమైపోయింది.

ఆ వారమంతా అడపాదడపా గాలులు వీస్తూనే ఉన్నాయి, ఆ మర్నాడైతే గాలి దుమారమే వచ్చింది. నాకు ఎంత కలిసొచ్చిందో చూడండి.

శనివారం ఒంటిపూట బడి కాగానే వనజ ఇస్లాపూర్ బయలుదేరుతూ నన్నూ రమ్మంది. రానంటే అనుమానమొస్తుందని వెళ్లాను. వాగు దగ్గరికి వెళ్లేటప్పుడే నాకు తెలిసింది, పిట్టల అలికిడి లేదు. గూడు ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల ఏమీ లేదు. అంచున దారాలు పీకేసి ఉన్నాయి. ఎదుటి నేరేడు మీద కాకి ఒకటి కూర్చుని ముక్కు రుద్దుకుంటోంది.

 వనజ గూటికి నీడగా ఉన్న రెమ్మ విరిగిన చోటికి పోయి చేత్తో తడిమింది.

"మొన్న నువ్ వచ్చినవంట గదా, మామ చెప్పిండు. అప్పుడు కొమ్మ మంచిగనే ఉండెనా వదినా?"

"లేదు. నేను వచ్చేసరికే ఇరిగి ఉండె."

"మరి ఏదన్న అడ్డం పెట్టకపోతివా? ఒక్క మండ తెచ్చి కడితే అయిపోవు గదా."

"నువ్వే గదా ఒక్క ఆకు గూడ ముట్టొద్దన్నవ్."

ఆమె తల దించుకుంది. ఆమె మాటనే తీసి ఆమె మీదికి విసిరాను. అది తగిలింది. కాసేపటికి ఆమె చూపు తన చీర తెర మీదికి పోయింది. గాలికి ఒక కొస ఊడి, దాని తాడు ఆ కానుగకే చుట్టుకుని వేలాడుతోంది.

"తాడు గీ చెట్టుకే కట్టిన నేను," అంది. "వారం సందే గాలులు లేస్తున్నయ్. చీర గుంజితే కొమ్మ ఇరిగింది గావచ్చు. నాతోనే అయింది గదా వదినా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. ఆమె అరిచేది, ఏడ్చేది, నాతో కొన్నాళ్లు మాట్లాడేది కాదు, అంతేకదా. నేను ఏమన్నానో తెలుసా?

"గాలి మస్తుగనే వచ్చింది గదా. అయితదేమో."

అయితదేమో. అవునని కాదు, కాదని కాదు. ఎంత తెలివైన మాటో చూడండి. నేను ఆమె మీద నేరం మోపలేదని ఇన్నేళ్లు నన్ను నేను నమ్మించుకోవడానికి ఆ ఒక్క మాట పనికొచ్చింది.

వనజ చీర విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ రోజు తర్వాత మళ్లీ ఆ వాగు దగ్గరికి పోలేదు. పీహెచ్‌డీ మాట ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, బడి పని ఎక్కువైందనేది. ఉమ్రిలో ఆమె బడి వేపచెట్ల మీదికి చలికాలం పిట్టలు వస్తూనే ఉన్నాయి. ఆమె తలెత్తి చూడటం మానేసింది. రెండు మూడేళ్లు ఆగి, రాజన్న మామ ఆ పొదలన్నీ కొట్టించి సోయా వేశాడు. "ఆమెనే వస్తలేదు, ఇంక దేనికి ఉంచాలె?" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఇప్పుడక్కడ వాగు ఒడ్డు బోడిగా ఉంటుంది.

ఆ ఫోటో సంగతి కూడా చెప్పాలి. ప్రదర్శనకు పంపాను. మొదటి బహుమతి వచ్చింది. దాని కింద నిర్వాహకులు మరాఠీలో పేరు రాసి పెట్టారు: "బాపాచీ సావలీ". తండ్రి నీడ. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక పెద్దాయన తన తండ్రిని తలచుకుని నా చేతులు పట్టుకున్నాడు. నా కోరిక తీరింది, అందరి నోళ్లూ మూతపడ్డాయి. వనజ కూడా వచ్చింది. ఫోటో ముందు నిలబడి, "పాపం, ఎంత తక్లీఫ్ వడ్డది" అని మాత్రం అంది. నన్ను మెచ్చుకుంది కూడా. తన వల్ల గూడు పోయిన పిట్టకు నేను ఒక గుర్తు మిగిల్చానని ఆమె అనుకుంది. ఆ రోజు ఆమెకు నామీద కృతజ్ఞత ఉంది. అది తీసుకున్నాను నేను.

ఎందుకు చెప్పలేదు? మొదట భయం. తర్వాత బహుమతి. ఆ తర్వాత, ఇంతకాలం దాచానన్న సంగతే అసలు తప్పు కంటే పెద్దదైపోయింది. పిట్టగూడు పాడుచేసినందుకు ఆమె క్షమించేదేమో. ఇన్ని పండగలకు ఎదురెదురుగా కూర్చుని భోంచేసినందుకు క్షమిస్తుందా?

ఇంతవరకే అయితే బహుశా నాతోనే పోయేది. మొన్న చలికాలం మా అమ్మాయి (ఇప్పుడు కాలేజీలో ఉంది) పిట్టల పిచ్చిలో పడింది. వాళ్ల మేనత్తకు ఇవన్నీ తెలుసని ఎవరో చెప్పారు. వనజ మా ఇంటికి వచ్చినప్పుడు పట్టుకుంది. "అత్తా, నన్ను తీస్కపో. తోక పిగిలిపిట్ట గూడు సూపియ్యి" అని.

వనజ నవ్వింది. "వద్దు బిడ్డా. నేను పోతె పిట్టలకు మంచిగ కాదు. మీ అమ్మతోని పో, ఆమెకు ఎరుక."

ఆమె అది మామూలుగా అంది. నిష్ఠూరం లేదు, ఏడుపు లేదు. తనకు షుగర్ ఉందని చెప్పినంత మామూలుగా. నేను వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడ్డాను. తన వల్లే అయిందన్న ఆమె బాధ ఇన్నేళ్లలో తగ్గిపోయిందనుకున్నాను. అది తగ్గలేదు. ఆమెలో కలిసిపోయింది.

తర్వాతి వారం ఉమ్రి వెళ్లాను. మధ్యాహ్నం. వనజ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. సొరుగు, కత్తెర, గోళ్లతో చీల్చడం, అన్నీ. ఏదీ తగ్గించలేదు. ఆమె చేతులు కొంతసేపు కాయలు తుంపుతూనే ఉన్నాయి. తర్వాత ఆగాయి.

చివరికి అడిగింది: "రెక్కలు జాపి ఎంతసేపు నిలవడ్డది అది?"

"నేను ఉన్నంతసేపు."

"నువ్ ఎంతసేపున్నవ్?"

"పొద్దు నెత్తిమీదికి వచ్చేదాంక."

 నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"సదువు పోయింది, పోనీ. పిట్టలను సూసుడు బంద్ అయింది, అది గూడ పోనీ," అంది. ఆమె గొంతు పెరగలేదు. "నీ బిడ్డ పుట్టినప్పుడు నేను ఎత్తుకోలె. యాదికున్నదా? స్నానం పొయ్యమని అమ్మ పిలిస్తె జరమొచ్చిందని చెప్పిన. నా చెయ్యి పడితె ఏమైతదో అని భయమైంది నాకు. పిల్లలను జూస్తె ఆ గూడే కండ్లల్ల మెదులుతుండె."

నాకు గుర్తుంది. పురిటిమంచం మీద పడుకుని, ఆడబిడ్డకు నా బిడ్డమీద ప్రేమ లేదని నేను నొచ్చుకున్నాను. మా ఆయనతో ఆ మాట అన్నాను కూడా.

 క్షమించమని అడగలేదు. అడిగితే, ఇంకొకటి ఇమ్మని చెయ్యి చాపినట్టే ఉండేది. ఆమె లేచి చిక్కుడుకాయల పళ్లెం లోపల పెట్టి వచ్చింది. "బండి టైమ్ అయితుంది, పో" అంది.

వెనక్కి వస్తూ బండిలో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చివర్లో "వదినా" అందా, అనలేదా? కావాలని మరిచిపోతున్నానా? లేదు. అనలేదు.

ఇంటికి వచ్చి ఫోటో గోడమీంచి దించాను. ఎందుకని మా ఆయనా అమ్మాయీ అడిగితే వాళ్లకూ చెప్పాను. అమ్మాయి రెండు రోజులు నా ముఖం చూడలేదు. అప్పటినుంచి వనజ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఆమె మళ్లీ ఎప్పుడైనా మా గడప తొక్కుతుందో లేదో తెలియదు.

చెప్పాక తేలికైందా అంటే, అయింది. అందుకూ సిగ్గుగానే ఉంది. నా బరువును తీసుకెళ్లి ఆమె వాకిట్లో దించి వచ్చానేమో అనిపిస్తుంది. అయినా ఒకటి మాత్రం నాకు తెలుసు. ఇక ఆమె తన చేతులను అనుమానించనక్కర్లేదు. అనుమానించవలసింది నన్ను. ఆ సంగతి ఇప్పుడు ఆమెకూ తెలుసు.